నానని గింజలు

మికాయెలా భయం ఆమె తల్లి పాదం దగ్గర మొదలైంది. తల్లికి షుగరు. ఒకరోజు ఆవుల కొట్టంలో తుప్పుపట్టిన మేకు తొక్కింది. తొక్కిన సంగతి ఆమెకే తెలియలేదు. సాయంత్రం చెప్పు విప్పబోతే ఊడి రాలేదు. మేకు చెప్పులోంచి పాదంలోకి దిగి ఉంది. అప్పటికి మికాయెలాకు పెళ్లి కాలేదు. చెప్పు పట్టుకుని లాగింది తనే. తల్లి అబ్బా అని కూడా అనలేదు. కూతురి ముఖం చూసి నవ్వి, "అట్లా చూస్తావేంటే, నాకేం తెలీట్లేదు" అంది. రక్తం చూసినప్పుడు కాదు, ఆ మాట విన్నప్పుడు మికాయెలాకు భయం పట్టుకుంది. ఆ తర్వాత పాదం తీసేశారు, మోకాలి దాకా కాలు తీసేశారు, ఏడాది తిరగకుండానే తల్లి పోయింది.

మెక్సికోలోని అకాటిక్ అనే ఊళ్లో ఆ తల్లి విడిచిపోయిన ఇల్లూ, ఇంటి వెనక మొక్కజొన్న చేనూ, చేను అంచున ఒక బారు చియా మొక్కలూ మికాయెలాకు మిగిలాయి. వాటితోపాటు భయం కూడా. ఆమె కోళ్ల ఫారాల నుంచి గుడ్లు మోసే లారీ డ్రైవరు నజారియోను చేసుకుంది. మంచివాడు, బొద్దుగా ఉండేవాడు, పెద్ద మీసం, దేన్నీ పట్టించుకోని మనిషి. అతనికి కూడా షుగరుందని ఆసుపత్రిలో చెప్పిన రోజు అతను బయటికొచ్చి రెండు కోలాలు కొనుక్కుని ఒకటి తాగాడు, ఇంకోటి పెళ్లానికి ఇవ్వబోయాడు. ఆమె గోడకు చేరబడి కూర్చుండిపోయింది.

ఆ మర్నాటి నుంచి రోజూ తెల్లవారుజామున, అతను లేవకముందే, దుప్పటి పైకి తీసి టార్చిలైటు వేసి అతని అరికాళ్లు చూసేది. వేళ్ల సందులు కూడా విడదీసి చూసేది. నజారియోకు ఆ సంగతి తెలుసు. నిద్ర నటిస్తూ పడుకునేవాడు. ఒకసారి ముందు రాత్రే మడమకు ఎర్ర మిరపకాయల పచ్చడి పూసుకుని పడుకున్నాడు. టార్చి పడగానే మికాయెలా పెట్టిన కేకకు వీధి వీధంతా లేచి వచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె మాత్రం వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఆ వారం కూడా అరికాళ్లు చూడ్డం మానలేదు.

చియా నీళ్లు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. గుప్పెడు గింజలు కుండెడు నీళ్లలో వేసి, నిమ్మకాయ పిండి, ఎండాకాలం పొలాలకు తీసుకెళ్లేవారు. దాహం తీరేది, మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తొచ్చేది కాదు. నడివయసు వచ్చాక ఆమెకూ షుగరు అంచుదాకా వచ్చిందని డాక్టర్లు అన్నప్పుడు, ఆ కుండ మళ్లీ దింపింది. రాత్రి ఒక చెంచా గింజలు పెద్ద గ్లాసు నీళ్లలో నానేసేది. పొద్దున్నే చక్కెర లేకుండా తాగేది. నెల తిరిగేసరికి కడుపు తేలికపడింది. ఏళ్ల తరబడి వేధించిన మలబద్ధకం పోయింది. నాలుగు రొట్టెలు తినే మనిషికి రెండింటితోనే చాలనిపించేది. ఆరోగ్య కేంద్రంలో నర్సు పరీక్ష చేసి, అంకెలు దిగొచ్చాయనీ, ఆ గింజల్లో పీచు ఎక్కువనీ, తిన్న చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కకుండా అది ఆపుతుందనీ చెప్పింది. మందుకు బదులు కాదు, మందుతోపాటు అని కూడా గట్టిగా చెప్పింది. ఆ చివరి మాట మికాయెలా ఎవరికి చెప్పినా వదలకుండా చెప్పేది.

అందరికంటే ముందు చెప్పాల్సింది మొగుడికే. నజారియో గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "కప్ప గుడ్లు తాగమంటావా" అన్నాడు. ఆ జిగురు నాలుకకు తగిలితే చాలు, కడుపులో తిప్పుతుందన్నాడు. ఆమె సీసాలో పోసి లారీలో పెట్టి పంపడం మొదలుపెట్టింది. సాయంత్రానికి సీసా ఖాళీగా వచ్చేది. ఆమెకు ప్రాణం కుదుటపడేది. చివరికి నజారియో అక్క ఓబ్దులియా ఆ గుట్టు బయటపెట్టింది. ఊరి పొలిమేరలో తమ్ముడు లారీ ఆపి, సీసాడు నీళ్లూ ఒక కలబంద మొక్క మొదట్లో పోస్తుంటే ఆమె కళ్లారా చూసింది.

"ఈపాటికి ఆ మొక్కకి షుగరు నయమైపోయి ఉంటుంది మికా" అంది ఓబ్దులియా.

ఓబ్దులియా పెళ్లి చేసుకోలేదు. పాత పికప్ బండి తనే నడుపుకుంటుంది, నోరు పెద్దది, ఎవరికీ జడవదు. మికాయెలాకు ఊళ్లో ఉన్న ఒకే ఒక ధైర్యం ఈ ఆడబిడ్డ.

ఒక ఏడాది వానలు వెనకబట్టినప్పటి నుంచి నజారియో తిండి తగ్గించాడు. మాంసం చిన్న చిన్న ముక్కలు చేసుకునేవాడు. ఒక్కో ముద్దకూ గుక్కెడు నీళ్లు తాగేవాడు. ప్రాణమైన మేకమాంసం పులుసు సగం గిన్నెలోనే వదిలేసి లేచేవాడు. బెల్టుకు ఇంకో రంధ్రం పొడుచుకున్నాడు. ఇన్నేళ్లకు నా మాట తలకెక్కింది అనుకుంది మికాయెలా. చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించింది.

ఈస్టరు ముందు వచ్చే దుఃఖమాత శుక్రవారం నాడు ఓబ్దులియా ఇంట్లో ఏటా పీఠం కడతారు. ముందు గదిలో ఊదారంగు గుడ్డలు, చీకట్లో మొలకెత్తించిన పాలిపోయిన గోధుమ నారు, బంగారు కాగితం జెండాలు గుచ్చిన నారింజలు, మధ్యలో శిలువెక్కిన కొడుకు కోసం ఏడ్చే మాత విగ్రహం. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, అమ్మ ఏడ్చిందా అని అడుగుతారు. ఏడ్చింది అని ఇంటివాళ్లు చెప్పి, చియా నీళ్లు చేతికిస్తారు. అవే ఆ తల్లి కన్నీళ్లని లెక్క. ఆ నీళ్లు కలిపే పని ఎప్పుడూ మికాయెలాదే. ఈసారి పొద్దున్నే నానేసిన కుండ మధ్యాహ్నానికే అడుగంటింది. ఇంకో కుండకు గింజలు తెద్దామని ఆమె ఇంటికి వచ్చింది.

వంటింట్లో నజారియో బల్ల అంచు పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు. నోట్లోంచి తీగలుగా చొంగ కారుతోంది. ముఖం నల్లబడింది. ఆమెను చూసి చేయి ఊపాడు, పొమ్మన్నట్టు.

ముందు ఆమెకు కోపం వచ్చింది. పచ్చడి పూసుకున్న మనిషే కదా. "పండగ పూట కూడా ఈ వేషాలేంటయ్యా" అంది. అతను తలెత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి. ఆ కళ్లు చూశాక ఆమె చేతిలోని సంచి కిందపడింది.

ఏమైందని అడిగితే ఏం లేదన్నాడు. మాట వస్తోంది, ఊపిరీ ఆడుతోంది. కానీ ఏదో రొమ్ము మధ్యలో కూర్చుందనీ, తన ఉమ్మి కూడా దిగట్లేదనీ సైగలతో చూపించాడు. ఏం తిన్నావంటే ఏమీ తినలేదన్నాడు. ఆమె గ్లాసెడు నీళ్లు తెచ్చి తాగించింది. రెండు గుక్కలు లోపలికి వెళ్లాయి. అంతలోనే అతను మెలితిరిగిపోయి, ఆ నీళ్లన్నీ జిగురుతో కలిపి బయటికి కక్కాడు. ఆ జిగురులో నల్లటి చుక్కలు కనిపించాయి.

అప్పుడు చూసిందామె. అతని మీసంలో గింజలు. చొక్కా మీద గింజలు. బల్ల మీద చియా డబ్బా మూత తీసి ఉంది. పక్కనే పొడి చెంచా.

గింజలు నీళ్లలో పడితే ఏమవుతాయో ఆమె రోజూ చూసే సంగతే. చెంచాడు గింజలు గ్లాసునిండా ఉబ్బుతాయి. రాత్రంతా గ్లాసులో జరిగే ఆ పని ఇప్పుడు మొగుడి రొమ్ములో జరుగుతోందని ఆమెకు అర్థమైంది. ఇప్పుడే తను పట్టించిన నీళ్లు కూడా గుర్తొచ్చాయి. వీధిలోకి పరిగెత్తింది. ఓబ్దులియా ఇల్లు నాలుగు ఇళ్ల అవతల. గుమ్మం దగ్గర నిలబడిన ఆడవాళ్లను తోసుకుని లోపలికెళ్లి ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని ఈడ్చింది.

ఓబ్దులియా వచ్చి తమ్ముణ్ని చూడగానే, ఇంకాసిన్ని నీళ్లు పడితే కిందికి జారిపోతుందంది. గ్లాసు అందుకుంది కూడా. మికాయెలా ఆ గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టింది. ఆమె ఒక వస్తువు పగలగొట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఎరగరు.

"నీళ్లు పోస్తే ఇంకా ఉబ్బుతాయి వదినా" అంది. "బండి తియ్యి."

పికప్ ముందు సీట్లో ముగ్గురూ కూర్చున్నారు. నజారియో మధ్యలో, ఒళ్లో తపేలా పెట్టుకుని, ఊరే ఉమ్మినంతా అందులో ఊస్తూ. పండగ రోజు కావడంతో వీధులు జనంతో నిండి ఉన్నాయి. చర్చి మలుపులో బండి ఆగిపోయింది. ఒక ముసలామె కిటికీలోకి తల పెట్టి, పీఠం మూసేశారేంటి ఓబ్దులియా, అమ్మ ఏడ్చిందా లేదా అని నవ్వుతూ అడిగింది. ఓబ్దులియా హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

గ్వాదలహారా నగరానికి పోయే పెద్ద రోడ్డెక్కే దాకా ఆమె తమ్ముణ్ని తిడుతూనే ఉంది. పశువు కూడా మేత నమిలి తింటుందిరా అంది. తర్వాత తిట్లు ఆగిపోయాయి. ఆ మౌనానికి మికాయెలాకు తిట్లకన్నా ఎక్కువ భయం వేసింది. ఓబ్దులియా భయపడటం ఆమె ఎరగదు. మొగుడి వీపు మీద అరచెయ్యి ఉంచి, అది పైకీ కిందికీ కదులుతోందా లేదా అని దారంతా చూస్తూనే ఉంది. ఒకసారి గతుకులో బండి ఎగిరినప్పుడు ఆ కదలిక ఆగినట్టనిపించింది. గట్టిగా చరిచింది. అతను ఊపిరి పీల్చి, ఆమె వైపు తిరిగి, తన చెయ్యి తీసి ఆమె మోకాలి మీద పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

పెద్దాసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్లిన డాక్టరు పేరు ఇరాయిస్. చిన్న వయసు, నెమ్మదైన మాట. ఏం తిన్నారని అడిగితే నజారియో మళ్లీ ఏమీ లేదనబోయాడు. మికాయెలా అడ్డుపడి, చియా గింజలు, పొడివి, ఎన్ని చెంచాలో తెలీదు, మీద నేనే నీళ్లు పట్టించానమ్మా అని ఒక్క గుక్కలో చెప్పేసి ఏడ్చింది. డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. ఎంతసేపయిందో మాత్రం అడిగి రాసుకుంది.

తలుపు మూశారు. నడవాలో బెంచీ మీద మికాయెలా కూర్చుంది. ఓబ్దులియా జపమాల తీసింది కానీ వేళ్లు పూసల మీద కదలలేదు. లోపలి నుంచి యంత్రాల చప్పుడు వినిపించేది, ఆగేది. ఆగినప్పుడల్లా మికాయెలా లేచి నిలబడేది. తను రోజూ పొద్దున్నే తాగి హాయిగా తేన్చే నీళ్లు, ఊరంతా తాగమని తను పోరు పెట్టిన నీళ్లు, అవే ఇప్పుడు ఈ మనిషి ప్రాణం తీస్తున్నాయని మనసులో తిరుగుతోంది. మొగుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్లముందు కదిలింది. పొద్దున్నే లేచి చూడ్డానికి ఆ పాదాలుండవు. అక్కడితో ఆలోచన ఆపేసింది. లేచి గోడ దగ్గరికెళ్లి, నుదురు గోడకు ఆనించి నిలబడింది.

డాక్టరు ఇరాయిస్ బయటికి వచ్చినప్పుడు ముసుగు కిందికి లాగింది. గొట్టం వేసి చూశాననీ, ఆ జిగురు పట్టుకుందామంటే జారిపోయిందనీ, పీలుద్దామంటే రాలేదనీ, చివరికి సన్న గొట్టంతో కొద్దికొద్దిగా కడుపులోకి నెట్టగలిగాననీ చెప్పింది. మనిషి క్షేమం. ఓబ్దులియా బెంచీ మీద కూలబడి, జపమాలతోనే ముఖం తుడుచుకుంది.

"కానీ అమ్మా, గింజలు ఊరికే ఆగలేదు. గొంతు గొట్టం కింది భాగం బాగా సన్నబడి ఉంది. చాలా రోజుల నుంచి ఉన్నట్టుంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతున్నాను" అంది డాక్టరు.

ఆ మాటతో రెండో భయం మొదలైంది.

మంచం మీద నజారియో కళ్లు మూసుకుని ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. మికాయెలా పక్కన కూర్చుంది. అతని దుప్పటి సరిచేసింది. తర్వాత అతనే కళ్లు తెరవకుండా చెప్పాడు. వానలప్పటి నుంచే మాంసం అడ్డుపడుతోంది. తర్వాత రొట్టె కూడా. చిన్నప్పుడు వాళ్ల చిన్నాన్నకు ఇలాగే మొదలైందట. ముందు మాంసం, తర్వాత రొట్టె, తర్వాత పాలు. గొంతులో రాచపుండని తేలేసరికి చిన్నాన్న ఎముకల గూడు. చివరి రోజుల్లో ఆయన పెదాలు తడపడానికి దూదితో నీళ్లు అద్దింది నజారియోనే.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకెలా చెప్పను మికా? నా కాలికి పచ్చడి పూస్తేనే వీధంతా లేచేలా అరిచినదానివి."

అతను మెల్లగా చెప్పుకుపోయాడు. చియా లోపలంతా చీపురులా ఊడుస్తుందని భోజనం దగ్గర నువ్వే అన్నావు కదా, గొంతులో ఉన్నదాన్ని కూడా ఊడుస్తుందేమో అనుకున్నానన్నాడు. నానినవి మింగలేననీ, అందుకే ఎవరూ లేనప్పుడు పొడివి మూడు చెంచాలు నోట్లో పోసుకుని నీళ్లు తాగాననీ, లోపలికెళ్లాక ఉబ్బితే ఇంకా బాగా ఊడుస్తాయనుకున్నాననీ చెప్పాడు.

మికాయెలా అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లూ భయం తనొక్కదానిదే అనుకుంది. పక్కన పడుకున్న మనిషి నవ్వుతూ నవ్వుతూ తనకంటే ఎక్కువ భయాన్ని గొంతులో పెట్టుకుని తిరిగాడు.

"ఇన్నేళ్లూ కాళ్లు చూసుకుంటూ కూచున్నాను. నోరు తెరిపించి చూడాల్సింది" అంది.

నజారియో నవ్వబోయాడు. నొప్పి పుట్టి ఆపేశాడు.

పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదు. నజారియోకు పల్చటి జావ, వడకట్టిన బీన్స్ నీళ్లు. మికాయెలా కూడా అవే తాగింది. చియా డబ్బా చూస్తేనే ఒళ్లు జలదరించేది. దాన్ని బీరువా మీదికి, వెనక్కి, కంటికి ఆననంత దూరం తోసేసింది. ఓబ్దులియా తన ఇంట్లో కుండ అడుగున మిగిలిన పండగ నీళ్లు పులిసిపోతే పెరట్లో పారబోసింది. ఇప్పుడు పగలంతా భార్యాభర్తలు ఒకే గదిలో ఉండేవారు. అతను లారీకి వెళ్లలేదు. ఫోను మోగితే ఇద్దరూ దాని వైపు చూసేవారు, ఎత్తడానికి ఎవరూ లేచేవారు కాదు. ఒకసారి గుడ్ల ఫారం వాళ్లు చేశారు. ఇంకోసారి ఎవరో తప్పు నంబరు. తప్పు నంబరు మనిషితో మికాయెలా చాలా మర్యాదగా మాట్లాడింది, అతనేదో మంచి కబురు చెప్పినట్టు.

ఫలితం ఫోనులో రాలేదు. రమ్మన్నారు. రమ్మంటే చెడ్డ కబురేనని ఆమె నిర్ధారించేసుకుంది. డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు నజారియో చొక్కా వెనక భాగాన్ని చిన్నపిల్లలా పిడికిట్లో పట్టుకుంది.

రాచపుండు కాదు. ఏళ్ల తరబడి కడుపులోని పులుపు పైకి తన్ని, గొంతు గొట్టం కాలి, మచ్చకట్టి సన్నబడింది. లారీలో కూర్చుని తాగిన కోలాలూ, తిని వెంటనే పడుకోవడాలూ దానికి తోడయ్యాయి. బెలూను లాంటిది పంపి కొంచెం కొంచెంగా వెడల్పు చెయ్యొచ్చు, మందులు వాడాలి అంది డాక్టరు ఇరాయిస్. నజారియో సరేనన్నాడు. ఆ వెంటనే మోచేతులు బల్లమీద ఆనించి ముఖం దాచుకున్నాడు. ఆ మీసాల మనిషి ఏడవడం మికాయెలా మొదటిసారి చూసింది.

లేచే ముందు ఆమె ఒకటికి రెండుసార్లు అడిగింది, ఆ గింజల్లో విషముందా అని.

"గింజదేం తప్పు లేదమ్మా. అది తాగాల్సిన నీళ్లు గ్లాసులోనే తాగాలి, గొంతులో కాదు. గొంతు బాగుపడ్డాక బాగా నానబెట్టి, పల్చగా, గుక్క గుక్కగా తాగనివ్వండి. ఈయన కడుపుకీ షుగరుకీ మంచిదే. మందులు మాత్రం మానకూడదు" అంది డాక్టరు.

రెండుసార్లు గొంతు వెడల్పు చేశారు. మళ్లీ వానలొచ్చాయి. ఒక పొద్దున నజారియోనే బీరువా మీది డబ్బా దింపమన్నాడు. ఆమె కుదరదంది. అతను స్టూలు లాక్కున్నాడు. స్టూలెక్కి పడతాడేమోనన్న భయం ఇంకా పెద్దది కాబట్టి తనే దింపింది. ఆ రాత్రి నానేసిన గింజలను పొద్దున్న వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇంకా నానాలని మధ్యాహ్నం దాకా ఇవ్వలేదు. ఇచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని అతని కంఠం కదలడం చూస్తూ ఉంది. అతను ముక్కు చిట్లించి, కప్ప గుడ్లేనని గొణిగి, గ్లాసు ఖాళీ చేశాడు. ఆ తర్వాత అది అలవాటైంది. కోలాలు తగ్గాయి, మధ్యాహ్నపు ఆకలి మందగించింది, పొద్దున పూట చిరాకు పోయింది. శీతాకాలంలో షుగరు పరీక్ష అంకెలు చూసి నర్సు మెచ్చుకుంది. అది మందుల వల్లో, నడక వల్లో, కోలాలు మానడం వల్లో, గింజల వల్లో, అన్నీ కలిసో తేల్చలేమంది.

ఒక ఆదివారం ఓబ్దులియా మేకమాంసం పులుసు వండుకుని వచ్చింది. నజారియో గిన్నె ముందు కూర్చున్నాడు. మెత్తగా ఉడికిన ముక్కను చెంచాతో చిదిపి నోట్లో పెట్టుకున్నాడు. నములుతున్నాడు. మికాయెలా కాసేపు చూసింది. ఇక చూడలేక పెరట్లోకి వెళ్లి చియా మొక్కల దగ్గర నిలబడింది. పూలు ఎండి, గింజలు కట్టే వేళ. లోపల అంతా నిశ్శబ్దం. చెంచా చప్పుడు లేదు.

"నువ్వు లోపలికి రా మికా, దిగింది" అని నజారియో పిలిచాడు.

వీడు అబద్ధం చెప్పట్లేదు, నేను సాక్ష్యం అని ఓబ్దులియా అందుకుంది. మికాయెలా వెంటనే వెళ్లలేదు. ఒక ఎండిన కంకి తెంపి అరచేతిలో నలుపుతూ, అతను రెండో ముద్దకు దిగిన చెంచా చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడింది.